పనిచేసే వయసు జనాభా వాటాలో మార్పు – దిగువ కృష్ణా డెల్టా సేద్యంపై ప్రభావం

ఒక దేశ జనాభాలో పిల్లలు, వృద్ధుల వాటా తగ్గి పనిచేసే వయసువారి వాటా పెరిగినప్పుడు ఆదాయం, పొదుపు, పెట్టుబడి పెరిగేందుకు అనుకూల కాలం ఏర్పడుతుంది. దీనిని జనాభా లబ్ధి అంటారు. భారతదేశం ప్రస్తుతం ఈ దశలోనే ఉన్నది. అయినా మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో వరినాట్లకు, కోతలకు కూలీల కొరత రైతుల ప్రధాన సమస్యగా ఉన్నది. ఈ రెండూ పరస్పర విరుద్ధంగా తోచినా రెండూ వాస్తవమే. వీటి మధ్య సంబంధాన్ని గ్రహించడం విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు అవసరం.

లెక్కించే విధానం

మన దేశపు జనాభా అంచనాలలో సాధారణంగా 15 నుంచి 59 సంవత్సరాల వారిని పనిచేసే వయసువారిగా పరిగణిస్తారు. అంతర్జాతీయ గణాంకాలలో 15 నుంచి 64 సంవత్సరాలను తీసుకోవడం ఎక్కువ. అందువల్ల రెండు మూలాల అంకెలను పోల్చేటప్పుడు వయఃపరిమితిని ముందుగా సరిచూసుకోవాలి. పనిచేసే వయసున్న ప్రతి వందమందికి ఎంతమంది పిల్లలు, వృద్ధులు ఉన్నారో తెలిపేది ఆధారిత నిష్పత్తి.

ఈ వర్గంలోకి ప్రవేశం 15 ఏళ్ల వద్ద, నిష్క్రమణ 60 ఏళ్ల వద్ద జరుగుతుంది. జననాలు తగ్గినప్పుడు మొదట పిల్లల వాటా తగ్గి, పనిచేసే వయసువారి వాటా పెరుగుతుంది. కొన్ని దశాబ్దాల తరువాత తక్కువ సంఖ్యలో పుట్టిన తరం 15 ఏళ్లకు చేరుతూ ఉండగా, ఎక్కువ సంఖ్యలో పుట్టిన పాత తరం 60 ఏళ్లు దాటుతుంది. అప్పుడు అదే వాటా తగ్గడం మొదలవుతుంది. జనాభా లబ్ధి శాశ్వతం కాదనడానికి కారణం ఇదే.

రాష్ట్రంలో వచ్చిన మార్పు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం 1992–93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2.6. ఇది 2005–06 నాటికి 1.8కి తగ్గింది. 2019–21 సర్వేలో ప్రస్తుత ఆంధ్రప్రదేశ్‌కు 1.7గా నమోదయింది. తరాల భర్తీకి అవసరమైన స్థాయి 2.1. శిశుమరణాలు తగ్గడం, బాలికల విద్య, చిన్న కుటుంబంపై ఆసక్తి, పిన్న వయసులోనే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకోవడం ఇందుకు దోహదపడ్డాయి. 2019–21 సర్వే నాటికి రాష్ట్రంలో 15–49 ఏళ్ల వివాహిత మహిళలలో దాదాపు 70 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారే.

దీని ఫలితం వృద్ధుల వాటాలో కనిపిస్తున్నది. జనాభా అంచనాల ప్రకారం 60 ఏళ్లు దాటినవారు 2021లో దేశంలో 10.1 శాతం కాగా రాష్ట్రంలో 12.4 శాతం. 2031 నాటికి ఈ అంకెలు వరుసగా 13.1, 16.4 శాతానికి చేరగలవు. దేశం కంటే రాష్ట్రం ముందుగా వృద్ధాప్య దశలోకి ప్రవేశిస్తున్నది.

కృష్ణా జిల్లాలో వేగం మరింత తగ్గింది. 2001–2011 మధ్య దేశ జనాభా 17.7 శాతం పెరగగా, నాటి ఉమ్మడి కృష్ణా జిల్లా జనాభా 7.9 శాతమే పెరిగింది. ఇదే కాలంలో గుడివాడ పట్టణ జనాభా స్వల్పంగా పెరిగింది. మచిలీపట్నం పట్టణ జనాభా తగ్గింది. జననాల తగ్గుదలకు వలస కూడా తోడైనదని భావించాలి.

వలసతో మారే లెక్క

ఉదాహరణకు వెయ్యి మంది జనాభా గల ఒక గ్రామాన్ని ఊహించుకుందాం. అందులో 200 మంది పిల్లలు, 130 మంది వృద్ధులు, 670 మంది పనిచేసే వయసువారు ఉన్నారనుకుంటే ఆధారిత నిష్పత్తి 49. వారిలో 150 మంది యువతీయువకులు విజయవాడ, హైదరాబాదు లేదా విదేశాలకు వెళ్తే పనిచేసే వయసువారు 520 మంది మిగులుతారు. వారి వాటా 67 నుంచి 61 శాతానికి పడిపోతుంది. ఆధారిత నిష్పత్తి 63కు పెరుగుతుంది. గ్రామంలో ఒక్క జననం గాని, మరణం గాని లేకుండానే ఈ మార్పు వచ్చింది.

మిగిలిన 520 మందీ పొలం పనికి అందుబాటులో ఉండరు. కళాశాల విద్యార్థులు, ఇతర ఉద్యోగాలలో ఉన్నవారు, మచిలీపట్నం పరిసరాలలో రోల్డ్‌గోల్డ్ ఆభరణాల తయారీ వంటి పనులకు, చేపల చెరువులకు వెళ్లేవారు వీరిలోనే ఉన్నారు. కాబట్టి రాష్ట్ర సగటును బట్టి గ్రామంలో వ్యవసాయ శ్రామికుల లభ్యతను అంచనా వేయరాదు.

డెల్టా పంటల సరళిపై ప్రభావం

డెల్టాలో కాలువలకు నీరు విడుదలైన తరువాత ఆయకట్టు అంతటా నాట్లు ఇంచుమించు ఒకేసారి సాగుతాయి. ఏడాది మొత్తంలో సరిపోయే కూలీలు కూడా ఆ కొద్ది వారాలకు చాలరు. ఈ కొరత నాట్లతో ఆగక రెండవ పంటనూ తాకుతున్నది.

వరి కోతకు కొద్ది రోజుల ముందు నిలిచి ఉన్న పైరులోనే మినుము చల్లడం ఇక్కడి సంప్రదాయం. నేలలో మిగిలిన తేమతోనే ఆ పంట పండుతుంది. వరిని మనుషులు కోస్తే మొలకలకు పెద్దగా హాని ఉండదు. కూలీలు దొరకక కంబైన్ హార్వెస్టర్‌ను దింపినప్పుడు దాని చక్రాల కింద మొలకలు నలుగుతాయి, తడినేల గట్టిపడుతుంది. కోత తరువాత విత్తితే తేమ తగ్గి మొలక శాతం పడిపోవచ్చు. జనాభాలో వచ్చిన మార్పు ఈ విధంగా వరి–మినుము పంటల సరళినే ప్రశ్నిస్తున్నది.

నాటుకు ప్రత్యామ్నాయాలన్నీ అన్ని నేలలకూ సరిపోవు. డ్రమ్ సీడర్‌తో విత్తడానికి పొలం సమతలంగా ఉండి మురుగునీరు సులభంగా పోవాలి. దివిసీమలో కాలువల చివరి భూములలో ఇది కష్టం. వెదపద్ధతిలో కలుపు సమస్య అధికం. పైగా వరి లేతదశలో చౌడును తట్టుకోలేదు. అందువల్ల తీరప్రాంతపు ఉప్పునేలలలో నేరుగా విత్తడం కంటే నారు నాటడమే సురక్షితం. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వెలువడిన ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 101, ఎం.సి.ఎం. 103 వంటి చౌడును తట్టుకునే రకాలతో యంత్రనాటును జోడించి పరిశీలించడం ఇక్కడ ప్రయోజనకరం.

విస్తరణ సేవల దిశ

జపాన్‌లో 2020 వ్యవసాయ గణన నాటికి ప్రధానంగా సేద్యంపై ఆధారపడిన వారి సగటు వయసు 67.8 సంవత్సరాలు. నాటు యంత్రాలు అక్కడ ఎన్నడో విస్తరించినందున వృద్ధులు సైతం వరిసాగు కొనసాగించగలుగుతున్నారు. అయితే వారసులు లేని పొలాలు బీడుపడటాన్ని యంత్రాలు ఆపలేకపోయాయి. యంత్రంతో పాటు సాగు చేసేవారు కూడా అవసరమని ఈ అనుభవం తెలుపుతున్నది.

డెల్టాలో ఆ సాగుదారు అధికంగా కౌలురైతే. భూయజమాని తరచుగా వేరే ఊరిలో ఉంటాడు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు పొందడానికి యజమాని అంగీకారం కావలసి రావడంతో, పొలం దున్నే వ్యక్తికి పంటరుణం, బీమా అందడం కష్టమవుతున్నది. యువకులను సేద్యంలో నిలపాలంటే ఈ అడ్డంకి తొలగాలి.

స్థానిక ఎన్నికలలో పోటీకి 1994 నుంచి అమలులో ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్ర శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. దీనివల్ల జననాలు పెరిగినా ఆ పిల్లలు 15 ఏళ్లకు చేరేది 2040 తరువాతనే. అంతవరకు ఆధారితుల సంఖ్యే పెరుగుతుంది. కనుక రాబోయే పదిహేనేళ్ల సేద్యం ఇప్పటికే పుట్టినవారితోనే సాగవలసి ఉన్నది.

అందువల్ల శిక్షణ కార్యక్రమాలకు ముందు గ్రామంలో నిజంగా సాగు చేస్తున్నవారి వయసు, వారు యజమానులా కౌలుదారులా, స్త్రీలా పురుషులా అన్న వివరాలను సేకరించాలి. చాప నారుమడుల పెంపకాన్ని మహిళా బృందాలకు, నాటు యంత్రాల అద్దె సేవలను గ్రామ యువతకు ఉపాధిగా రూపొందించవచ్చు. హార్వెస్టర్ కోత తరువాత తేమ పోకముందే మినుము విత్తే పరికరాలపై పరిశోధనకు ప్రాధాన్యం ఇవ్వాలి. సిఫారసు చేసే ప్రతి సాంకేతిక పద్ధతిని అరవై ఏళ్ల రైతు, నాట్ల మహిళ అమలు చేయగలరా అని పరీక్షించిన తరువాతనే పొలానికి చేర్చడం మేలు.