కూత ఒకచోట, జబ్బు ఇంకోచోట
పాత పికప్ బళ్ల శబ్దాలపై అపోహలు – వాస్తవాలు

అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి దిమ్మలు తెచ్చే బళ్లూ, చోడవరం, మాడుగుల వైపు సిమెంటూ ఇటుకా మోసే బళ్లూ చాలావరకు ఏళ్ల తరబడి తిరిగినవే. 2005లో వచ్చిన టాటా ఏస్, 2011లో దిగిన అశోక్ లేలాండ్ దోస్త్, వాటికి ముందు నుంచీ ఉన్న టాటా 207, మహీంద్రా పికప్‌లు ఒక్కొక్కటీ ఒక ఇంటిని నడుపుతున్నాయి. అలాంటి బండి ఒక పొద్దున్న గుయ్యిమని కూయడం మొదలుపెడితే యజమానికి ముందు గుర్తొచ్చేది షెడ్డు బిల్లే. ఆ భయంలోంచే సగం అపోహలు పుడతాయి. ఇంజిన్ దింపక్కర్లేని బండికి ఇంజిన్ దింపిస్తారు. అక్కడికక్కడే ఆపేయాల్సిన బండిని పాటల సౌండు పెంచుకుని ఇంకో నాలుగు ట్రిప్పులు తోలతారు. రెండూ నష్టమే. రెండోది ప్రాణం మీదికి తెచ్చే నష్టం.

అపోహ: సౌండు ముందు నుంచి వస్తోంది, కాబట్టి ఇంజిన్‌దే.

పికప్ ఛాసిస్ అంటే ముందు నుంచి వెనక దాకా సాగిన రెండు ఇనప దూలాలు. వెనక చక్రాల మధ్య ఉండే హౌసింగ్‌లో పుట్టిన కూత ఆ దూలాల మీదుగా పాకి క్యాబిన్ నేల కింద మోగుతుంది. టాటా ఏస్‌లో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది కాబట్టి ఏ శబ్దమైనా అక్కడే పుట్టినట్టు అనిపిస్తుంది. చెవికి తోచిన చోటును నమ్ముకుని పాన పట్టుకుంటే చాలాసార్లు తప్పు భాగమే ఊడుతుంది. శబ్దం ఎక్కడ వస్తోందన్నదాని కంటే ఎప్పుడు వస్తోందన్నది గట్టి ఆధారం.

ముందు బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో యాక్సిలేటర్ ఇవ్వండి. రేజింగ్‌తో పాటు కూత పెరిగితే దోషం ఇంజిన్ వైపు ఉంది: డైనమో, వాటర్ పంపు, స్టీరింగ్ పంపు, టర్బో, వీటిలో ఏదో ఒకటి. నిలబడి ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, బండి కదిలాకే కూస్తే ప్రొపెల్లర్ షాఫ్టు, హౌసింగ్, చక్రాలు, టైర్ల వైపు చూడాలి. గేర్‌బాక్స్ సంగతి తర్వాత చెబుతాను.

ఇంకా అనుమానం ఉంటే లంకెలపాలెం, కశింకోట మధ్య హైవే మీద రద్దీ లేని వేళ ఒకే స్పీడును రెండు వేర్వేరు గేర్లలో పట్టి చూడండి. గేరు మారినప్పుడు కూత స్థాయి కూడా మారితే అది ఇంజిన్ తిరుగుడును అంటుకుని ఉన్నట్టు. గేరు మారినా కూత అలాగే ఉంటే చక్రాల తిరుగుడుతో వస్తున్నట్టు. పానతో పని లేదు, ఖర్చు లేదు. అయినా ఈ పరీక్ష చేయకుండానే షెడ్డుకి తోలేవాళ్లే ఎక్కువ. ‘ఏదో సౌండొస్తోంది, చూడు బాబూ’ అన్న మాట కన్నా ‘యాభై దాటాక, యాక్సిలేటర్ మీద కాలున్నప్పుడే కూస్తోంది’ అన్న మాట మేస్త్రీకి సగం పని తగ్గిస్తుంది.

అపోహ: హౌసింగ్ కూస్తే చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది.

బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. 90 ఆయిల్ తీసి 140 పోస్తే కూత కొంచెం తగ్గడం నిజమే. తగ్గేది శబ్దం, అరుగుదల కాదు. లోపలి క్రౌన్, పినియన్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. వాటి మధ్య ఆయిల్ పొర నిలవాలంటే చిక్కదనం ఒక్కటే చాలదు, విపరీతమైన ఒత్తిడిని ఓర్చే రసాయనాలు అందులో ఉండాలి. అందుకే హౌసింగ్‌కి సాధారణంగా జీఎల్–5 రకం చెబుతారు. అదే ఆయిల్‌ని గేర్‌బాక్స్‌లోనూ పోయడం ఇంకో పొరపాటు. గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి రింగులు కొన్ని గేర్‌బాక్సుల్లో ఉంటాయి, కొన్ని జీఎల్–5 ఆయిళ్లలోని గంధకం వాటిని తినేస్తుంది. బండితో వచ్చిన పుస్తకంలో రెండింటికీ ఏది రాసి ఉంటే అదే పోయాలి.

హౌసింగ్ కూతకు ఒక తీరుంది. యాక్సిలేటర్ తొక్కి లాగుతున్నప్పుడు మాత్రమే కూసి, కాలు తీయగానే మాయమైతే పళ్లలో లాగే వైపు అరిగిందని అనుమానించాలి. కాలు తీసినప్పుడు, బండి తన ఊపుతో పోతున్నప్పుడే కూస్తే పినియన్ బేరింగులు వదులై ఉండొచ్చు. కాలు పెట్టినా తీసినా ఒకేలా గుంయ్ అంటే మొదట చక్రాల బేరింగులను, టైర్లను చూడాలి. దీన్ని చదునైన ఖాళీ రోడ్డు మీదే పరీక్షించాలి. పాడేరు ఘాట్ దిగుతూ న్యూట్రల్ చేసి వినడం లాంటి పని పొరపాటున కూడా చేయకండి. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఆయిల్ ఎందుకు తగ్గిందో చూడకుండా పోస్తూ పోవడమూ మంచిది కాదు. హౌసింగ్ మీద చిన్న గాలి గొట్టం ఉంటుంది. వానాకాలం బురదకి అది పూడుకుపోతే, వేడికి లోపల పెరిగిన ఒత్తిడి సీళ్ల మీద పడి ఆయిల్ కారడం మొదలవుతుంది. అలా కారింది బ్రేక్ డ్రమ్ములోకి చేరితే ఆ చక్రానికి బ్రేకు పట్టదు. సీలు మార్చిన వారానికే మళ్లీ కారిందని మేస్త్రీని తిట్టేముందు ఆ గొట్టం తెరిచి ఉందో లేదో చూడాలి. ఆయిల్ మట్టం కూడా పోసే బెజ్జం కింది అంచు వరకే. ఎక్కువ పోస్తే అది నురుగు కడుతుంది.

అపోహ: బెల్టు కీచుమంటే సబ్బు రాస్తే, కిరసనాయిల్ చల్లితే పోతుంది.

సబ్బు కాసేపు మాయచేస్తుంది. కిరసనాయిల్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. కారణం తెలియాలంటే దూరం నుంచి బెల్టు లోపలి వైపు కాసిన్ని నీళ్లు చిలకరించండి, చేయి మాత్రం దగ్గరికి పోనివ్వకండి. కీచు కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేవు. నీళ్లు పడగానే ఇంకా పెద్దదైతే బెల్టు వదులై జారుతోంది.

బెల్టు బాగానే ఉండి సన్నటి ఊళ వస్తుంటే డైనమోని అనుమానించండి. డైనమో ఇంజిన్ కన్నా రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని బేరింగు చెడితే శబ్దం అంత సన్నగా, చెవిలో గుచ్చినట్టు వస్తుంది. హెడ్‌లైట్లు వేయగానే ఊళ పెరిగితే అనుమానం బలపడుతుంది. స్టీరియోలో పాట వెనక జుయ్యిమని సన్నగా వినపడి, రేజింగ్‌తో మారుతుంటే అది బేరింగు కాదు. డైనమో డయోడ్‌లో గానీ ఎర్త్ వైరులో గానీ లోపం ఉంది.

మేస్త్రీలు బెల్టు విప్పి ఇంజిన్‌ని నిమిషంలోపు నడిపి చూస్తారు. కూత ఆగితే తప్పు బెల్టు తిప్పే వాటిలో ఉన్నట్టే. మంచి పరీక్ష ఇది. కానీ ఆ స్థితిలో బండిని ఒక్క అడుగు కూడా కదపకూడదు. వాటర్ పంపు ఆగిపోవడం అలా ఉంచితే, చాలా డీజిల్ పికప్‌లలో బ్రేకులకు ఊతమిచ్చే వాక్యూమ్ పంపు డైనమో వెనకే బిగించి ఉంటుంది. బెల్టు లేకపోతే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది.

అపోహ: స్టీరింగ్ తిప్పితే మూలిగినప్పుడు ఏ ఆయిల్ పోసినా ఒకటే.

బ్రేక్ ఆయిల్ పోస్తే పంపు సీళ్లు ఉబ్బిపోతాయి. స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి: ఆయిల్‌లో నురుగుంటే పంపు గాలి పీలుస్తోంది. పంపుకి ఆయిల్ అందించే గొట్టం క్లిప్పు వదులైనా మూలుగు అలాగే ఉంటుంది. స్టీరింగ్ చివరంటా తిప్పినప్పుడు క్షణంసేపు వచ్చే మూలుగు మామూలే.

అపోహ: క్లచ్ దగ్గర సౌండంటే గేర్‌బాక్స్ దింపాల్సిందే.

దింపే ముందు ఒక్క నిమిషం వినాలి. న్యూట్రల్‌లో, ఇంజిన్ నడుస్తుండగా, పెడల్ మీద కాలు పెట్టకుండా చెవి పెట్టండి. జర్రుమంటున్న శబ్దం పెడల్ తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ లోపలి బేరింగు, లేదా వదులు గేర్ల మోత. పెడల్ వదిలినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, తొక్కితేనే కీచుమంటే రిలీజ్ బేరింగు. రెండో దానికీ గేర్‌బాక్స్ కిందికి దించాలి నిజమే, కానీ లోపల విప్పక్కర్లేదు. ఈ తేడా తెలియక గేర్‌బాక్స్ ఓవర్‌హాలింగ్‌కి ఒప్పుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీద తిరిగే బండి గలగలమంటే అందులో వింతేముంది!

ఈ మాటే నన్ను అన్నిటికన్నా కలవరపెడుతుంది. ఆ రోడ్డు గుంతలకి బండి వదులవడం నిజమే. కానీ ఆ గలగలల్లో పట్టించుకోనక్కర్లేనివీ ఉన్నాయి, రోడ్డు మీద బండిని బోల్తా కొట్టించేవీ ఉన్నాయి. సైలెన్సర్ మీది వేడి రేకు, దాని క్లాంపు, వెనక తలుపు గొలుసు మొదటి రకం. ఇంజిన్ చల్లారాక చేత్తో తట్టి చూస్తే దొరికిపోతాయి. ఏస్‌లో ఉన్నది 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్. ఐడ్లింగ్‌లో అది బండినంతా ఊపుతుంది, వదులుగా ఉన్న ప్రతి రేకూ అప్పుడు మోగి, రేజింగ్ ఇవ్వగానే ఊరుకుంటుంది. ఆ మోతకి ఇంజిన్ విప్పించకండి.

రెండో రకంలో మొదటిది వీల్ నట్లు. నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ టక్, టక్ అంటే పక్కకి తీసి ఆపండి. నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు గీతలు కనిపిస్తే అది కదులుతున్నట్టే. టైరు మార్చాక వంద కిలోమీటర్ల లోపు ఒకసారి మళ్లీ బిగించడం అలవాటు చేసుకోవాలి.

తర్వాతది షాఫ్టు జాయింటు క్రాస్. దాని నాలుగు కప్పుల్లో సన్నటి సూది బేరింగులుంటాయి. గ్రీజు ఎండినప్పుడు నెమ్మది స్పీడులో పిచ్చుక అరిచినట్టు కిచకిచ వస్తుంది. స్పీడుతో అది వేగం పుంజుకుంటుంది. అప్పుడు బండి కింద చూస్తే కప్పు అంచున కుంకుమ రంగు పొడి కనబడుతుంది, అరిగిన సూదుల తుప్పు అది. ఇంకా వదిలేస్తే ఫస్ట్ గేర్లో కదిలించినప్పుడు, రివర్స్‌లో వేసినప్పుడు టంగుమంటుంది. గ్రీజు గన్ పెట్టి నొక్కితే నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వచ్చిందంటే నాలుగోది ఎండిపోతోంది, దాన్ని వదిలేయకూడదు. కాస్త ఖర్చుతో పోయే పని అది. హైవే మీద క్రాస్ విరిగి షాఫ్టు ముందు కొస నేలకి దిగితే అదే బండిని పైకి ఎగరేయగలదు.

కమాను పట్టీల దగ్గర ఖంగుమంటే యూ బోల్టులు చూడాలి. అవి వదులైతే మధ్య బోల్టు తెగి, వెనక హౌసింగ్ ఒక పక్కకి జరిగిపోతుంది.

అపోహ: లోడు వేస్తే సౌండు పోయింది, అంటే బండి బాగానే ఉంది.

లోడు పడితే కమాను పట్టీలు సాగి, అరిగిన బుష్షు ఒక పక్కకి అదుముకుపోతుంది, మోగడానికి చోటుండదు. అరుగుదల ఎక్కడికీ పోదు. లోడుతో మాత్రమే కొత్తగా వచ్చే శబ్దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. టైరు బాడీకి రాసుకుంటోందేమో, పట్టీ విరిగిందేమో.

అపోహ: డీజిల్ బండి టకటకలాడితే ఇంజిన్ బోరుకొచ్చినట్టే.

తేలికపాటి టకటక చాలాసార్లు ట్యాపెట్ల సందు పెరగడం వల్ల వస్తుంది. దాన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. ఒక సిలిండర్లో ఇంజెక్టర్ చెడినా గట్టిగా కొట్టుకుంటుంది. పాత మెకానికల్ పంపు ఇంజిన్లలో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టూ వదులుచేసి, ఏ సిలిండర్ దగ్గర టకటక మారిందో చూసేవారు. ఆ అలవాటును కామన్ రైల్ ఇంజిన్ మీద ఎంతమాత్రం వాడకూడదు. అందులో డీజిల్ ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది. ఆ సన్నటి చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చిన్న గాయంలా ఉన్నా వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చేయో పోయేంత ప్రమాదం. షెడ్డులో పనిచేసే కుర్రాళ్లకి యజమానులు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

లోతు నుంచి దబ్ దబ్ అని, లోడు పడ్డప్పుడు పెరిగే దెబ్బ వేరు. దాంతోపాటు ఆయిల్ లైటు వెలిగితే ఇంజిన్‌ని ఆ క్షణమే ఆపాలి. షెడ్డు దాకా తోలుకుపోదాం అనుకోకూడదు.

అపోహ: టర్బో ఈల వేసిందంటే పోయినట్టే.

టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. సన్నటి ఈల దాని స్వభావం. ఎప్పుడూ లేని ఈల కొత్తగా మొదలై, లాగుడు తగ్గి, నల్ల పొగ వస్తే ముందు రబ్బరు గొట్టాలు, క్లిప్పులు చూడండి. చాలాసార్లు చీలిన గొట్టమే కారణం. నీలం పొగ వస్తే టర్బో సీలుని అనుమానించాలి.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లలో ఇంకో నమ్మకం ఉంది: శబ్దం లేకపోతే బండి మంచిదే అని. అరిగిన గేర్ల కూత వినపడకుండా ఆయిల్‌లో రంపపు పొట్టు కలిపి అమ్మేయడం చాలా దేశాల్లో తెలిసిన పాత మోసం. బేరం తేలేముందు హౌసింగ్ ఫిల్లర్ బోల్టు విప్పించి, ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్ది ఎండలో చూడండి. కింది బోల్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి బూడిద రంగు ముద్ద ఉండడం మామూలు అరుగుదల. గోరుకి తగిలే తునకలున్నాయా, పీచులాంటిదేమైనా వేలికి అంటిందా, ఆ బండి మీద అడ్వాన్సు ఇవ్వకండి.