నిలిచిన బొట్టు, గట్టిపడిన బొట్టు

ఆదోని ప్రత్తికిని, వేరుసెనగ నూనెకును పేరొందిన పట్టణము. ఎమ్మిగనూరు 1938 లో స్థాపితమైన చేనేత సహకార సంఘము వలన ప్రసిద్ధి గాంచినది. నూనెయు నూలును పరిచితములైన ఆ ప్రాంతపు ఉదాహరణములతోనే మనము ఒక రసాయన విషయమును విచారింతము.

వేరుసెనగ నూనెను నీటిలో పోసి గిలకొట్టినచో క్షణకాలము కలిసినట్లు తోచి, మరల విడిపోవును. నీటికి మారుగా కుంకుడు రసమును తీసికొని, నూనెను బొట్టుబొట్టుగా పోయుచు గిలకొట్టినచో తెల్లని చిక్కని ద్రవ మేర్పడును. కుంకుడులోని సపోనిన్ ప్రతి నూనెబొట్టు చుట్టును పొరగా నిలిచి, బొట్లు ఏకము కాకుండ కాపాడును. ఇట్టి మిశ్రమమును ఎమల్షన్ అందురు. మనము త్రాగు పాలును అట్టివే.

సమానమైన బంతులను ఎంత ఒత్తుగా పేర్చినను అవి నూటికి 74 పాళ్ళకు మించి చోటును నింపజాలవు. నూనె అంతకు మించినచో బొట్లు గుండ్రదనము వీడి, తేనెపట్టు గదులవలె పలకలు దేరును. నడుమ నీరు పలుచని పొరగా మిగులును. మిశ్రమము వెన్నవలె నిలుచును. ఇది సాంద్ర ఎమల్షన్.

నూనెకు బదులు స్టైరీన్ వంటి మోనోమరును తీసికొందము. ప్రత్తి పింజలు పేనగా నూలైనట్లు, మోనోమరు అణువులు తగిన ప్రారంభక ద్రవ్యముతో వేడిచేయగా ఒకదానికొకటి కూడి, పాలిమర్ అను పొడవైన గొలుసులగును. బొట్లు విడివిడిగా గట్టిపడినచో సన్నని రేణువులు లభించును.

చిక్కంతయు ఇచటనే కలదు. గొలుసు లల్లుటకు కావలసిన వేడియే పొరను బలహీనపరచును. గట్టిపడుటకు గంటలు పట్టును. అందాక పొర నిలువవలెను. ముందే తెగినచో మోనోమరు వేరుపడి ముద్దగా గడ్డకట్టును. శ్రమయు సరకును వ్యర్థమగును.

అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయమున ఎలీ రుకెన్‌స్టైన్ బృందము 1980 దశాబ్దపు చివర నుండి ఈ సమస్యను పరిశోధించినది. నీటిలో కరగని మోనోమరుతో ఎమల్షన్ బాగుగా నిలుచును. నీటిలో కొంత కరగునది త్వరగా చెడును. మోనోమరును ముందుగా కొంతమేర గొలుసులుగా మార్చి చిక్కబరచుటయు, వేడిని మితముగా నుంచుటయు మేలు చేయును. సబ్బుతో పొర కల్పించినపుడు నీటి గుణమును చూడవలెను. కఠినజలమున సబ్బు విరిగి తెట్టు కట్టునని మన ఇల్లాండ్రు ఎరుగుదురు. అట్లే పొరయు చెడును.

మోనోమరు పాలు తక్కువగా నుండు ఎమల్షన్లను ఇట్లే గట్టిపరచి, గోడల రంగులకును, వస్త్రములపై అద్దకపు రంగును పట్టియుంచు జిగురునకును వాడుచున్నారు. స్టైరీన్ మండు స్వభావము గలది; దాని పని కర్మాగారమునకే చెల్లును. కుంకుడు రసముతో నూనెను గిలకొట్టి చూచుట మాత్రము ఏ ఇంటనైనను చేయవచ్చును.