ఓడలో కంప్యూటర్లు ఒకదాని మాట ఒకటి వినేదెలా?



ఓడ అనగానే మనకు విశాఖ రేవు, లంగరు, పొగగొట్టం గుర్తుకు వస్తాయి. కానీ నేటి ఓడలో దాదాపు ప్రతి పని వెనుకా ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. వాటన్నిటినీ కలపడం ఎలా, కలపడంలో తేడా వస్తే ఏమవుతుంది అనేది ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందు మన హాస్టల్‌నే చూద్దాం. హాజరు రిజిస్టరు ఒకచోట, స్టాకు రిజిస్టరు మరోచోట, వంటవారికి చెప్పే లెక్క ఇంకోచోట ఉంటాయి. సంక్రాంతికి సగం మంది ఊరెళ్లిన సంగతి వంటగదికి చేరకపోతే అన్నం పారబోయాలి. తిరిగి వచ్చిన సంగతి చేరకపోతే చివరి వరుసలో కూర్చున్నవాడికి అన్నం మిగలదు. ఓడలోనూ ఇదే చిక్కు.

ఏయే పనులు?

ఓడను నడిపే గదిని బ్రిడ్జి అంటారు. అక్కడ ఎలక్ట్రానిక్ పటం, జి.పి.ఎస్., రాడార్, చుట్టుపక్కల ఓడల వివరాలు తెలిపే ఎ.ఐ.ఎస్. ఉంటాయి. ఇంజను రూములో యంత్రాల మరమ్మతుల లెక్క చూసే ప్రోగ్రాము ఉంటుంది. సరుకు ఎక్కించేటప్పుడు ఓడ ఒరగకుండా లెక్కగట్టేది వేరొకటి. సిబ్బంది విశ్రాంతి గంటల లెక్కకు ఇంకొకటి. 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నావికునికి ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఉండాలి.

ఇవి కలిస్తే లాభం ఉంది. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో మరమ్మతుల ప్రోగ్రాముకు దానంతటదే తెలుస్తుంది. మార్చవలసిన విడిభాగం స్టాకులో లేకపోతే కొనుగోలు కోరిక తయారవుతుంది. కలవకపోతే ఒకే అంకెను నాలుగుచోట్ల టైపు చేయాలి, నాలుగుచోట్లా తప్పు దొర్లవచ్చు.

ఎలా మాట్లాడుకుంటాయి?

వేర్వేరు కంపెనీల పరికరాలు కలవాలంటే ఉమ్మడి భాష కావాలి. బ్రిడ్జి పరికరాలకు 'ఎన్.ఎం.ఇ.ఎ. 0183' అనే ప్రమాణం అలాంటిది. ఇందులో ప్రతి సమాచారం కామాలతో విడదీసిన చిన్న వాక్యంలా వెళ్తుంది. ఓడ ఉన్న చోటుతోపాటు, ఆ సమాచారం నమ్మదగినదా కాదా అని తెలిపే గుర్తు కూడా ఉంటుంది. ఈ చిన్న గుర్తును పట్టించుకోనందువల్ల ఏం జరిగిందో చూడండి.

రాయల్ మెజెస్టీ పాఠం

1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల ఓడ 1,500 మందికి పైగా జనంతో బెర్ముడా నుంచి అమెరికాలోని బోస్టన్‌కు బయలుదేరింది. కొద్దిసేపటికే జి.పి.ఎస్. యాంటెన్నా కేబుల్ ఊడిపోయింది. ఉపగ్రహ సంకేతం అందక ఆ పరికరం దిక్సూచి, వేగం ఆధారంగా అంచనా లెక్క వేయసాగింది. గాలి, నీటి ప్రవాహం ఓడను పక్కకు నెడుతున్న సంగతి ఆ లెక్కలోకి రాదు. పరికరం 'ఇది చెల్లదు' అనే గుర్తును పంపుతూనే ఉంది. ఆటోపైలట్‌కు ఆ గుర్తును చదవడం నేర్పలేదు. పైగా అది తన సొంత అంచనాతో పోల్చుకుని రెండూ ఒకటేనని తృప్తి పడింది. ఒకే గైడు చూసి రాసిన ఇద్దరి జవాబులు కలవడంలో ఆశ్చర్యమేముంది?

పక్కనే ఉన్న లోరాన్ పరికరంతో అధికారులు సరిచూడలేదు. కనబడవలసిన బోయా కంటికి కనబడకపోయినా తెరనే నమ్మారు. సుమారు 34 గంటల తర్వాత ఓడ దారికి 17 మైళ్లు పక్కన, నాంటకెట్ దీవి దగ్గర ఇసుక మేటపైకి ఎక్కి ఆగిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ ప్రాణాపాయం జరగలేదు.

మనం నేర్చుకోవలసినది

వైరు కలిపినంత మాత్రాన రెండు ప్రోగ్రాములు కలిసినట్లు కాదు. ఏ సమాచారానికి ఎవరు బాధ్యులో ముందే తేల్చుకోవాలి. అంకెతోపాటు అది ఎప్పటిది, ఎంత నమ్మదగినది అన్నదీ వెళ్లాలి. సంబంధం తెగితే మనిషికి గట్టిగా తెలియాలి. ఓడను నడిపే నెట్‌వర్కును సిబ్బంది ఇంటర్నెట్‌తో కలపకూడదు. సైబర్ ముప్పును భద్రతా ఏర్పాట్లలో చేర్చాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2017లో తీర్మానించింది కూడా.

కంప్యూటర్ కోర్సులు చదివే మనవాళ్లు ఏటా పెరుగుతున్నారు. రేపు మీలో ఎవరైనా ఓడకు గానీ, ఆసుపత్రికి గానీ, ఇలాంటి హాస్టల్‌కు గానీ ప్రోగ్రాము రాయవచ్చు. ప్రోగ్రాము అంకెలు చూపిస్తున్నది కదా అని అక్కడితో ఆగకండి. కేబుల్ ఒకటి ఊడదీసి చూడండి. అప్పుడు ఆ సంగతి మీ తెర చెబుతుందో లేదో గమనించండి. చివరి వరుసలో కూర్చున్నవాడి అన్నం దాని మీదే ఆధారపడి ఉంటుందని మరువకండి.