మూడు సెకన్లకు 73 వేల డాలర్లు

జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ పాత ట్రాక్ ఒక చుట్టు 20 కిలోమీటర్ల పైచిలుకు. అడవి గుండా కొండలెక్కి దిగే ఆ దారిలో మలుపులు 70కి పైనే. 2017లో షెవ్రొలే కమారో జడ్‌ఎల్1 1ఎల్‌ఈ ఆ చుట్టును 7 నిమిషాల 16.04 సెకన్లలో ముగించింది. అదే ఏడాది పోర్షే 911 జీటీ3కి పట్టిన సమయం 7 నిమిషాల 12.7 సెకన్లు. తేడా 3.34 సెకన్లు, అంటే మొత్తంలో ఒక శాతం కూడా కాదు. ధరలు చూడండి: అప్పట్లో అమెరికాలో కమారో 69,995 డాలర్లు, పోర్షే 1,43,600. మిగిలిన ఒక్కో సెకనుకూ 22 వేల డాలర్లు చెల్లించాలన్నమాట.

ఈ లెక్క చూపించి అమెరికన్ మజిల్ కార్ల అభిమానులు మీసం మెలేస్తారు. అందులో న్యాయముంది. కానీ ఈ పోలికలోనే వాళ్లు పెద్దగా ఎత్తని అంకె ఇంకొకటి ఉంది. కమారో ఇంజిను 650 హార్స్‌పవర్, పోర్షేది 500. నూటయాభై గుర్రాలు ఎక్కువ కట్టి కూడా కమారో వెనకబడింది. ఆ గుర్రాలన్నీ ఎటు పోయాయి? దాదాపు 300 కిలోల అదనపు బరువును మోయడానికి పోయాయి. (ఈ సమయాలు రెండూ కంపెనీలు తమ సొంత డ్రైవర్లతో, జిగటలాంటి టైర్లతో సాధించుకున్నవి. కొనుక్కున్నవాడికి అంత తేలిగ్గా రావు.)

అసలు మజిల్ కారు అంటేనే మలుపు తిరగని బండి అన్న పేరు ఎక్కడిది? 1964 మార్చిలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక పాంటియాక్ జీటీవో అనే మజిల్ కారును ఫెరారీ జీటీవోతో పోలుస్తూ ముఖచిత్రం వేసింది. ఒకటి మామూలు కారులో 6.4 లీటర్ల పెద్ద ఇంజిను దించి అమ్మినది. రెండోది మొత్తం 36 మాత్రమే తయారైన రేసు కారు. పాంటియాక్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. దాన్ని తయారుచేసింది పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా దూసుకుపోవడానికి. డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద సిగ్నల్ నుంచి సిగ్నల్ దాకా కుర్రాళ్లు పందేలు వేసుకున్న కాలం అది. యూరప్‌లోనేమో చాలా దేశాలు ఇంజిను పరిమాణాన్ని బట్టి పన్ను వేసేవి, పెట్రోలు ఖరీదు, దారులు కొండదారులు. చిన్న ఇంజినుతో వేగంగా పోవాలంటే బండి తేలిగ్గా ఉండాలి, మలుపులో వేగం పోగొట్టుకోకూడదు.

తేడా ఎక్కువగా వెనక ఇరుసులో ఉండేది. ఎడ్లబండి చక్రం ఒకటి రాయెక్కితే బండి మొత్తం పక్కకు ఒరుగుతుంది, ఎందుకంటే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. మన లారీల వెనక కనిపించేదీ ఇలాంటి ఏర్పాటే. 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ ఇలాంటి ఇరుసుతోనే పుట్టింది. చౌక, గట్టిది, తిన్నని దారిలో దాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. గతుకుల మలుపులో మాత్రం ఎడమ చక్రం పడిన గుంత కుడి చక్రానికీ తెలుస్తుంది, ఆ క్షణంలో టైరు పట్టు జారుతుంది. జాగ్వార్ ఈ-టైప్ 1961లోనే వెనక చక్రాలను విడదీసింది. మస్టాంగ్ శ్రేణి మొత్తానికీ ఆ సదుపాయం 2015 మోడల్‌తో గానీ రాలేదు. మధ్యలో 1999 కోబ్రా లాంటి మినహాయింపు ఉంది. కమారో 2010లోనే మారింది. యాభై ఏళ్ల ఆలస్యం! అయినా పాత ఇరుసుతోనే ఫోర్డ్ 2012లో బాస్ 302 అనే మస్టాంగ్‌ను తెచ్చి, తమ గురి బీఎండబ్ల్యూ ఎం3 మీదేనని బాహాటంగా చెప్పింది. నున్నటి ట్రాక్ మీద బాగా సర్దిన ఇరుసు చాలానే చేయగలదు.

ఇరుసు మారాక మిగిలింది బరువు. 2018 మస్టాంగ్ జీటీని తీసుకోండి: 460 హార్స్‌పవర్, సుమారు 1,680 కిలోలు, అప్పటి ధర 36 వేల డాలర్లు. పక్కన పోర్షే 718 కేమన్: 300 హార్స్‌పవర్, 1,335 కిలోలు, సుమారు 55 వేల డాలర్లు. తిన్నని దారిలో మస్టాంగ్‌కు దిగులు లేదు. ఇప్పుడు రెండింటినీ 91 మీటర్ల వ్యాసమున్న వలయంలో తిప్పుదాం. కారు తన బరువంత బలంతో పక్కకు లాగబడుతుంటే దాన్ని 1 జీ అంటారు. ఆ వలయంలో 1 జీ అంటే గంటకు 76 కిలోమీటర్లు, 0.9 జీ అంటే 72. పత్రికల్లో పెద్దగా కనిపించే 0.1 జీ తేడా దారి మీద నాలుగు కిలోమీటర్ల వేగమే. వెడల్పాటి మంచి టైర్లు వేస్తే ఆ నాలుగూ తెచ్చుకోవచ్చు. చవకైన అమెరికన్ కార్లు చేసింది అదే.

కానీ 1 జీ దగ్గర మస్టాంగ్ టైర్లు ఆపాల్సింది 1,680 కిలోల బలాన్ని, కేమన్‌వి 1,335 కిలోలను. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. పైగా మస్టాంగ్ బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే. కేమన్ ఇంజిను సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. అందుకే మలుపులోకి తిప్పగానే కేమన్ ముక్కు వెంటనే లోపలికి వస్తుంది. బ్రేకుల సంగతీ అంతే. గంటకు 160 కిలోమీటర్ల నుంచి ఆగాలంటే మస్టాంగ్ బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగో వంతు ఎక్కువ. ఒక్క చుట్టుకు తెలియదు. పది చుట్లయ్యాక పెడల్ మెత్తబడటంలో, టైర్ల బిల్లులో తెలుస్తుంది. 2017 కమారో ఎస్‌ఎస్‌కు 6,500 డాలర్లు అదనంగా కడితే 1ఎల్‌ఈ ప్యాకేజీలో పెద్ద బ్రేకులు, కూలర్లు, ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ వచ్చేవి. నా ఉద్దేశంలో మజిల్ కార్ల చరిత్రలో అంత తెలివైన 6,500 డాలర్లు మరొకటి లేవు.

మన దేశానికి మస్టాంగ్ 2016 జూలైలో 65 లక్షలకు వచ్చింది. అమెరికాలో అప్పట్లో అలాంటిది సుమారు పాతిక లక్షలే. దిగుమతి సుంకాలు ‘చవక’ అనే మాటను ఓడరేవులోనే దించేశాయి. వెడల్పు 1.9 మీటర్లు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చే శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద జీ లెక్కల కంటే ఆ అంకే ముందు గుర్తొస్తుంది.

ఈలోగా అమెరికాలోనూ కథ తిరగబడింది. 2023 డిసెంబరులో కమారో తయారీ ఆగిపోయింది. ఫోర్డ్ మాత్రం బరువును ముందూ వెనకా సమం చేయడానికి గేర్‌బాక్సును వెనక్కి జరిపి, 815 హార్స్‌పవర్‌తో మస్టాంగ్ జీటీడీ కట్టింది. 2025లో అది నూర్‌బర్గ్‌రింగ్‌ను 6 నిమిషాల 52.07 సెకన్లలో చుట్టింది. 518 హార్స్‌పవర్ పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ 2022లో తీసుకున్నది 6 నిమిషాల 49.33 సెకన్లు. మళ్లీ మూడు సెకన్ల లోపు తేడాయే. ఈసారి మస్టాంగ్ ధర మూడు లక్షల డాలర్లు దాటింది, తక్కువ ధర పోర్షేదే.