పటిక తాకినచోటే ఎరుపు
కలంకారీ కిటుకే కేన్సర్ ఆపరేషన్‌లోనూ

పెడన: కలంకారీ అద్దకంలో కొత్తవారికి వింతగా తోచే ఘట్టం ఒకటుంది. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై చెక్క అచ్చుతో పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి ఎరుపు జాడే ఉండదు. ఆ గుడ్డను కాలువలో జాడించి, రంగు నీళ్లు కాగే గంగాళంలో ఉడికిస్తే పటిక తాకినచోటల్లా ఎర్రని పువ్వు తేలుతుంది. మిగతాచోట అంటిన కాస్త రంగూ ఉతుకుకు, ఎండకు పోతుంది. పూర్వం ఈ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు. అందులోని అలిజరిన్‌ను 1868లో జర్మనీ రసాయనవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు.

రంగు కోరినచోటే పట్టాలి. బతికున్న కణంలోని ప్రోటీన్లను చూడదలచిన శాస్త్రజ్ఞులకూ ఇదే చిక్కు ఎదురైంది. రంగు కణానికి హాని చేయకూడదు. పొర దాటి లోపలికి పోవాలి. వేలాది ప్రోటీన్లలో ఒక్కదాన్నే పట్టాలి.

ఇక్కడా పటికలాంటి మధ్యవర్తి అవసరమైంది. చూడదలచిన ప్రోటీనుకు జన్యువు ద్వారా ఒక చిన్న కొక్కెం తగిలిస్తారు. స్నాప్‌ట్యాగ్ అనే అలాంటి కొక్కేన్ని 2003లో కై జాన్సన్ బృందం వెల్లడించింది. ఆ బృందమే 2013లో తెచ్చిన సిలికాన్ రోడమిన్ రంగు విడిగా ఉన్నప్పుడు అంతగా మెరవదు. కొక్కేనికి తగులుకున్నాకే ఎర్రగా వెలుగుతుంది. 2015లో అమెరికాలోని జనీలియా సంస్థలో ల్యూక్ లావిస్ బృందం పాత రోడమిన్ అణువులో నాలుగు పరమాణువుల వలయాలు అమర్చి మెరుపును సుమారు రెట్టింపు చేసింది.

ఇలా ప్రోటీనును వెతికి పట్టే రంగు ఆస్పత్రికీ చేరింది. అండాశయ కేన్సర్ కణాల్లో చాలావాటిపై ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే ప్రోటీను ఎక్కువగా ఉంటుంది. అందుకే ఆ ఆమ్లాన్ని పోలిన అణువుకు రంగు జోడించి పఫోలాసయనిన్ మందు తయారుచేశారు. దీనికి 2021 నవంబరులో అమెరికా అనుమతి లభించింది. ఆపరేషన్‌కు ముందు నరానికి ఎక్కిస్తే, డాక్టరు కంటికీ చేతికీ అందని కేన్సర్ ముక్కలు ప్రత్యేక కెమెరాలో వెలుగుతాయి. అలాంటి ముక్క మిగిలిపోతే రోగం తిరగబెట్టే ప్రమాదముంది. ఒక్కోసారి కేన్సర్ లేనిచోటా ఈ రంగు వెలుగుతుంది గనుక డాక్టరు నిర్ధారణ తప్పనిసరి.

1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే పరిశోధకులకు సారథి, భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కావడం మనవారికి గర్వకారణం.

గుడివాడ–బందరు రైలు మార్గంలోనే పెడన ఉంది. సైన్సు మాస్టార్లు ఒక పూట పిల్లలను అద్దకం షెడ్డుకు తీసుకువెళ్లి, తెల్లగుడ్డపై ఎరుపు తేలడం చూపితే ఈ పాఠం సులభంగా బోధపడుతుంది.