బొమ్మకీ బొమ్మకీ మధ్య ఏం జరిగింది? కామిక్‌ని సినిమా చేసే డైరెక్టర్ అసలు పని

సత్తెనపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే విషయం: కామిక్ బుక్‌ని సినిమాగా తీసేటప్పుడు డైరెక్టర్ చేసే పనేంటి?

చాలామందికి ఉండే డౌట్ ఇది. నవల అయితే అక్షరాలే ఉంటాయి కాబట్టి దాన్ని బొమ్మగా ఊహించడం డైరెక్టర్ పని, సరే. కామిక్‌లో బొమ్మలు ఆల్రెడీ గీసేసి ఉన్నాయి కదా! క్లోజప్ ఎక్కడ, లాంగ్ షాట్ ఎక్కడ, డైలాగ్ ఏంటి, చొక్కా ఏ రంగు, అన్నీ పేజీ మీదే ఉన్నాయి. కెమెరా పెట్టి అలాగే తీసేస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో చెప్తాను. ముందు మీ ఫోన్ గ్యాలరీ ఓపెన్ చేయండి.

అందులో బ్రహ్మానందం గారి మీమ్స్ ఓ పదైనా ఉంటాయి. ఆయన మన పక్కూరాయనే, చాగంటివారిపాలెం. ఆ మీమ్ ఎలా పుట్టింది? కదులుతున్న సీన్‌ని ఒకచోట ఆపి, ఒక్క ఫ్రేమ్ తీసుకుని, కింద మన మాట రాశాం. అంటే సినిమాని కామిక్ ప్యానెల్‌గా మార్చేశాం అన్నమాట. కామిక్‌ని సినిమా చేసే డైరెక్టర్ పనికి ఇది సరిగ్గా రివర్స్.

ఇప్పుడు ఒకటి గమనించండి. మీమ్‌ని ఎంతసేపు చూడాలో మీ ఇష్టం. అర సెకను చూసి వదిలేయొచ్చు, జూమ్ చేసి నిమిషం చూడొచ్చు. సినిమాలో అదే మొహం రావడానికి ముందు ఎదుటివాడి మాట ఒకటుంటుంది. తర్వాత చిన్న గ్యాప్. ఆయన తల మెల్లగా తిరుగుతుంది. అప్పుడు థియేటర్ పగిలిపోతుంది. ఆ గ్యాప్ కాస్త సాగితే నవ్వు చల్లారిపోతుంది, కాస్త తగ్గితే అసలు పుట్టదు. ఆ గ్యాప్ ఫ్రేమ్‌లో కనపడదు. నటుడు ఇస్తాడు, ఎంత ఉంచాలో డైరెక్టర్, ఎడిటర్ కలిసి తేలుస్తారు.

అసలు సంగతి ఇదే. కామిక్‌లో టైమ్ చదివేవాడి చేతిలో ఉంటుంది. సినిమాలో ఆ టైమ్‌ని డైరెక్టర్ తన చేతిలోకి తీసుకుంటాడు. కామిక్ ఆయనకి బొమ్మ ఇస్తుంది, బొమ్మకీ బొమ్మకీ మధ్య ఏం జరిగిందో మాత్రం ఇవ్వదు. ప్యానెల్స్ మధ్య ఉండే ఆ తెల్ల ఖాళీని ఇంగ్లీషులో గటర్ అంటారు. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే కామిక్ ఆర్టిస్ట్ 1993లో 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' అని ఓ పుస్తకం వేశాడు. అది కూడా కామిక్ రూపంలోనే ఉంటుంది. కథ నడిచేది ఆ ఖాళీలోనే, దాన్ని నింపేది పాఠకుడి బుర్రే అని అందులో వివరంగా చెప్తాడు.

ఇదేదో అమెరికా విషయం అనుకోకండి. మనకి దగ్గర్లోనే అమరావతి ఉంది. అక్కడి స్తూపం నుంచి వెళ్లిన గుండ్రటి శిల్పం ఒకటి చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. క్రీస్తు శకం 2వ శతాబ్దం నాటిది. నలగిరి అనే మదపుటేనుగు కథ. పలకకి ఎడమవైపు ఏనుగు వీధిలో పడి వీరంగం వేస్తోంది, జనం హడలిపోతున్నారు, మేడల మీద నుంచి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు వంగిపోయి ఉంది. ఒకే పలక మీద ఏనుగు రెండుసార్లు ఉంది. మధ్యలో గీత కూడా లేదు.

దాన్ని సినిమా తీయాలంటే ఏం చేస్తారు? వీరంగం వేసే ఏనుగు మోకరిల్లే ఏనుగుగా ఎలా మారింది? ఒక్క క్షణంలోనా, నెమ్మదిగానా? ఆ టైమ్‌లో కెమెరా ఏనుగు కంటి మీద ఉండాలా, బుద్ధుడి చేతి మీద ఉండాలా, మేడ మీద భయపడుతున్న ఆవిడ మొహం మీద ఉండాలా? బుద్ధుడి చెయ్యి చూపిస్తే అది మహిమ కథ అవుతుంది. ఏనుగు కన్ను చూపిస్తే ఒక జంతువు కోపం దిగిపోయిన కథ అవుతుంది. ఆవిడ మొహం చూపిస్తే మన కథ అవుతుంది. శిల్పి ఆ ఛాయిస్‌ని చూసేవాళ్లకి వదిలేశాడు. డైరెక్టర్‌కి వదిలేసే వీలు లేదు, ఏదో ఒకటి ఎంచుకుని తీరాలి.

ఇంకా మన దగ్గరి ఎగ్జాంపుల్ చూద్దాం. మూడు ప్యానెల్స్ కామిక్ అనుకోండి. మొదటి దాంట్లో కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. రెండో దాంట్లో నల్లటి మబ్బు. మూడో దాంట్లో టార్పాలిన్ పట్ట పట్టుకుని పరిగెత్తే రైతు. మన వైపు చిన్నపిల్లాడికి చూపించినా అర్థమైపోతుంది. కాయ తడిస్తే రంగు పోతుంది, గుంటూరు యార్డులో రేటు పోతుంది, ఏడాది కష్టం పోతుంది.

మరి ఈ మూడు బొమ్మల్ని మూడు షాట్లుగా తీసి అతికిస్తే? ఆరు సెకన్లలో అయిపోతుంది, ఎవరికీ ఏమీ అనిపించదు. ఎందుకంటే కామిక్ చదివేటప్పుడు రెండో బొమ్మ దగ్గర ఆగి భయపడింది మనం. స్క్రీన్ మీద ఆగాల్సింది డైరెక్టర్. ముందు గాలి సౌండ్ రావాలేమో. రైతు తల ఎత్తి చూడాలేమో. పక్క కల్లంలో వాళ్లు ఆల్రెడీ పట్టలు కప్పుతుంటే ఈయన ఒక్కడే ఎందుకు ఆలస్యం అయ్యాడో చూపించాలేమో. మొదటి చినుకు నేల మీద పడాలా, కాయ మీద పడాలా? ఇవేవీ పేజీలో లేవు. సౌండ్ అయితే అసలే లేదు.

బొమ్మ బాగా గీయగలిగితే ఇవన్నీ వచ్చేస్తాయా అంటే, దానికి తెలుగులో బెస్ట్ ఎగ్జాంపుల్ బాపు గారు. ఆయన ముందు కార్టూనిస్టు, పుస్తకాలకీ పత్రికలకీ బొమ్మలు వేసిన ఆర్టిస్టు. 1967లో 'సాక్షి'తో డైరెక్టర్ అయ్యారు. షూటింగ్‌కి ముందు షాట్లని బొమ్మలుగా గీసుకోవడం ఆయన అలవాటు. అంటే తన సినిమాకి తనే కామిక్ గీసుకుని, దాన్ని సినిమా చేసేవారన్నమాట.

అయినా 1975లో వచ్చిన 'ముత్యాలముగ్గు' గుర్తు తెచ్చుకోండి, చూడకపోతే చూడండి. కాంట్రాక్టర్‌గా రావు గోపాలరావు గారు మాటని సాగదీసి, తాపీగా, చల్లగా భయపెడతారు. ఆ తాపీతనం ముళ్లపూడి వెంకటరమణ గారి రాతలో పుట్టింది, నటుడి గొంతులో పెరిగింది. దాన్ని బొమ్మలో గీయలేరు. ఆ సినిమాకే ఇషాన్ ఆర్య గారికి ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ వెలుగు కూడా పెన్సిల్ గీతలో ఉండేది కాదు. అంత గొప్పగా గీసే మనిషికి కూడా బొమ్మ మొదటి మెట్టు మాత్రమే. దాని మీద రైటర్, నటుడు, కెమెరామ్యాన్ వచ్చి నిలబడేలా చోటు చేయడం డైరెక్టర్ పని.

ఇక రెండో పెద్ద పని: ఏది ఉంచాలి, ఏది మార్చాలి.

1980లో ఎన్టీఆర్ గారు హీరోగా, వి. మధుసూదనరావు గారి డైరెక్షన్‌లో 'సూపర్‌మ్యాన్' వచ్చింది. అమెరికా కామిక్‌లో సూపర్‌మ్యాన్ వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. మన సినిమాలో శక్తి వచ్చేది హనుమంతుడి వరం వల్ల. దీన్ని చూసి నవ్వుకునేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం అందులో ఒక ఆలోచన చూస్తాను. ఎగిరే మనిషిని మన ఊరి ప్రేక్షకుడు ఎందుకు నమ్మాలి? గ్రహం కథ చెప్తే అనుమానంగా చూస్తాడు. కొండ ఎత్తుకుని ఆకాశంలో ఎగిరిన హనుమంతుడు అంటే చిన్నప్పటి నుంచి తెలుసు. డ్రెస్ అక్కడిది, నమ్మకం ఇక్కడిది.

2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ 'హనుమాన్' కామిక్ నుంచి తీసింది కాదు గానీ, కామిక్ భాష తెలిసిన సినిమా. అందులో విలన్ మైఖేల్‌ని గమనించారా? చిన్నప్పుడే సూపర్ హీరో పిచ్చి. కామిక్ హీరోలకి అమ్మానాన్నలు ఉండరని, తన అమ్మానాన్నలనే చంపేస్తాడు. సూట్ కుట్టించుకుంటాడు, గాడ్జెట్స్ పెట్టుకుంటాడు, హీరో మాత్రం కాలేడు. కామిక్‌ని పైపైన మక్కీకి మక్కీ కాపీ కొట్టేవాడు విలన్ అయ్యాడు, అంజనాద్రి ఊళ్లో అల్లరిచిల్లరగా తిరిగే కుర్రాడు హీరో అయ్యాడు. మన టాపిక్‌కి ఇంతకంటే మంచి పాఠం ఉంటుందా?

బయటి దేశాల్లోనూ ఇదే గొడవ. స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో పీటర్ పార్కర్ సాలీడు దారం వదిలే పరికరాన్ని తనే తయారు చేసుకుంటాడు. సామ్ రైమీ 2002 సినిమాలో ఆ దారం అతని మణికట్టు నుంచే వస్తుంది. తన ఒంట్లో ఏదో మారిపోతోందని కంగారుపడే టీనేజ్ కుర్రాడి కథ అయింది అది. 2012లో మార్క్ వెబ్ మళ్లీ పరికరమే పెట్టాడు, అప్పుడు తెలివైన సైన్స్ స్టూడెంట్ కథ అయింది. కామిక్ ఒకటే, ఇద్దరు డైరెక్టర్లు, రెండు నిర్ణయాలు. కొరియా డైరెక్టర్ బాంగ్ జూన్-హో ఇంకా దూరం వెళ్లాడు. ఫ్రెంచ్ కామిక్ నుంచి, గడ్డకట్టిన లోకంలో ఆగకుండా తిరిగే రైలు, అందులో పేద బోగీలు, డబ్బున్న బోగీలు అనే ఐడియా తీసుకుని, చాలావరకు కొత్త మనుషుల్ని పెట్టి 2013లో 'స్నోపియర్సర్' తీశాడు.

మరి పేజీలో ఉన్నది ఉన్నట్టు తీసినవాళ్లు లేరా? ఉన్నారు. 2005లో రాబర్ట్ రోడ్రిగెజ్ 'సిన్ సిటీ'ని కామిక్ ఫ్రేముల్నే దగ్గర పెట్టుకుని తీశాడు. కానీ ఆయన ఇంకో పని చేశాడు. ఈ బొమ్మలు గీసిన ఫ్రాంక్ మిల్లర్ కూడా డైరెక్టరే అని టైటిల్స్‌లో వేస్తానన్నాడు. అమెరికా డైరెక్టర్ల సంఘం రూల్స్ ఒప్పుకోలేదు. ఆయన సంఘం నుంచే బయటికొచ్చేశాడు, మిల్లర్ పేరు మాత్రం వేశాడు.

ఎందుకంత పట్టుదల? దానికి ఓ పాత బాకీ కథ ఉంది. సూపర్‌మ్యాన్‌ని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1938లో ఆ పాత్ర హక్కుల్ని 130 డాలర్లకి ఇచ్చేశారు. ఆ బొమ్మ మీద కోట్లు వచ్చాయి, వాళ్లిద్దరూ మాత్రం డబ్బుకి ఇబ్బంది పడ్డారు. భారీ సినిమా తయారవుతోందని తెలిసి సీగెల్ బహిరంగంగా గొడవకి దిగాక, 1975 చివర్లో కంపెనీ ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున పెన్షన్‌కి, పేర్లు వేయడానికి ఒప్పుకుంది. 1978 సినిమాలో వాళ్ల పేర్లు పడ్డాయి. నలభై ఏళ్లు పట్టింది.

ఇది మనకెందుకంటారా? ఇప్పుడు మీ చేతిలో ఫోన్ ఉంది, అదే కెమెరా, అదే ఎడిటింగ్ రూమ్. ఇన్‌స్టాలో ఎవరో తెలుగు కుర్రాడు లేదా అమ్మాయి రాత్రంతా కూర్చుని గీసిన నాలుగు ప్యానెల్స్ నచ్చి, వాటితో రీల్ తీసేయొచ్చు. పేరు వేయకపోతే మనం చేసింది 1938 నాటి పనే. చట్టం కూడా క్లియర్‌గా ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒకరి బొమ్మనో కథనో సినిమాగా మార్చే హక్కు దాని ఓనర్‌దే. ఆ హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. పేరు వేస్తే చాలదు, పర్మిషన్ కూడా అడగాలి. చాలామంది ఆర్టిస్టులు అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అది వాళ్ల హక్కు.

ట్రై చేద్దాం అనుకునేవాళ్లకి నాలుగు మాటలు. ముందు కామిక్‌ని స్టాప్‌వాచ్ పెట్టుకుని చదవండి, మీరు ఎక్కడ ఎక్కువసేపు ఆగారో రాసుకోండి. సినిమా ఆగాల్సింది అక్కడే. తర్వాత ప్రతి రెండు ప్యానెల్స్ మధ్యా ఏం జరిగిందో ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే ఆ సీన్ మీకింకా అర్థం కాలేదని లెక్క. మూడోది, కళ్లు మూసుకుని ఆ సీన్‌లో ఏ సౌండ్ వినపడాలో ఆలోచించండి. జిన్నింగ్ మిల్లు చప్పుడా, ట్రాక్టరా, ఏమీ లేకపోవడమా? చివరగా, ఈ కథలో ఏది తీసేస్తే కథ చచ్చిపోతుందో తేల్చుకోండి. అది మాత్రం ముట్టుకోకండి, మిగతాది మార్చే స్వేచ్ఛ మీది.

ఎవరి పర్మిషనూ అక్కర్లేని కథ కావాలంటే, నలగిరి ఉండనే ఉంది. ఆ శిల్పి పేరు మనకి తెలియదు, ఏ కాపీరైటూ లేదు. ఏనుగు రెండుసార్లు ఉన్న ఆ పలక ఫొటో వెతికి చూడండి. మధ్యలో ఏం జరిగిందో ఓ నిమిషం వీడియోగా తీయండి. ఏనుగు లేకపోతే ఏముంది, మన బజార్లో కుమ్ముకునే ఆంబోతు చాలు. పదిమంది తీస్తే పది సినిమాలు వస్తాయి. ఆ తేడానే డైరెక్షన్.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.