దారి తప్పనివ్వని వణుకు

సూరత్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాల పిల్లలకు సైన్సు చెబుతుంటాను. ఇక్కణ్ణుంచి షార్జా వెళ్లే విమానం మాట వచ్చినప్పుడు ఒకమ్మాయి అడిగింది: “సార్, సముద్రం మీద జీపీఎస్ పోతే పైలట్‌కు తొవ్వ ఎట్ల తెలుస్తది?” అడగాల్సిన ప్రశ్నే. 20,200 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాల నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం చాలా బలహీనం. నేల మీది జామర్ దాన్ని తేలిగ్గా ముంచేస్తుంది.

అప్పుడు ఆదుకునేది విమానం లోపలి ఇనర్షియల్ యూనిట్. అది బయటి కబురు ఏదీ అడగదు. వేగం ఎంత మారిందో యాక్సిలరోమీటర్లు, ఎటు తిరిగామో గైరోలు చెబుతుంటే, బయల్దేరిన చోటు నుంచి లెక్క కట్టుకుంటూ పోతుంది. నా మనసు దోచింది ఆ గైరో. అందులో గిర్రున తిరిగే చక్రం లేదు, వెలుగు ఉంది.

ఒక గాజు దిమ్మలో త్రిభుజంగా తొలిచిన సొరంగం, మూలమూలనా అద్దం, హీలియం-నియాన్ ఎర్ర లేజరు. ఒక కిరణం కుడిచుట్టు, ఇంకోటి ఎడమచుట్టు. దిమ్మ తిరిగితే అటే వెళ్లే కిరణానికి దారి రవ్వంత పెరుగుతుంది, ఎదురు కిరణానికి తగ్గుతుంది. దాంతో రెండింటి కంపనాల సంఖ్య వేరవుతుంది. ఆ తేడాను బట్టే ఎంత తిరిగిందో లెక్క. త్రిభుజం భుజం 10 సెంటీమీటర్లయితే, భూభ్రమణం మొత్తం పట్టుబడేలా నిలబెట్టినా, సెకనుకు 474 లక్షల కోట్ల కంపనాల్లో తేడా ఆరేడే! సూరత్‌లో కదలకుండా నిలిచిన విమానం ఉత్తరం ఎటుందో పట్టేది ఇంత సన్నటి తేడాతోనే.

చిక్కూ ఇక్కడే ఉంది. వజ్రాలు సానపట్టే ఊరికి వేరే చెప్పాలా, ఎంత మెరుగుపెట్టినా ఏ ముఖమూ పూర్తిగా నునుపు కాదు. అద్దం మీది గరుకు తగిలి కాస్త వెలుగు వెనక్కి చెదిరి ఎదురు కిరణంలో కలుస్తుంది. దిమ్మ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ కాస్త చాలు, రెండు కిరణాలూ ఒకే కంపనానికి అతుక్కుపోతాయి. తేడా సున్నా అవుతుంది. తిరుగుతున్నా గైరో తిరగట్లేదనే చెబుతుంది.

అమెరికా కంపెనీ హనీవెల్ ఇంజనీర్లు దీనికి కనిపెట్టిన విరుగుడు అబ్బురం. దిమ్మనే స్ప్రింగు మీద సెకనుకు కొన్ని వందలసార్లు అటూఇటూ వణికించారు. ఇక అది ప్రమాదకరమైన మెల్లని వేగంలో నిలవదు. దిశ మారే క్షణంలో మాత్రమే చిక్కుకుంటుంది. వణుకు రెండువైపులా సమానం కాబట్టి లెక్కలో కొట్టుకుపోయి, అసలు తిరుగుడు మిగులుతుంది. వణుకు మరీ క్రమం తప్పకుండా ఉన్నా ఆ క్షణాల పొరపాట్లు పోగుపడతాయి. అందుకని దాని తీవ్రతను ఒక వరస లేకుండా పెంచి తగ్గిస్తారు. కొలిచే పరికరాన్ని కదలనివ్వొద్దని ల్యాబులో నేర్పుతాం. ఇక్కడ కదిలిస్తేనే కొలత నిజమవుతుంది.

ఈ గైరో వచ్చిన దారి ఇది: తిరిగే పరికరంలో ఎదురెదురు కిరణాల తేడాను చూపిన సాన్యాక్ ప్రయోగం 1913లో, 1963లో తొలి రింగ్ లేజర్ గైరో, 1980ల మొదట్లో బోయింగ్ 757, 767 విమానాలు. మన దేశంలో తయారైన ఇలాంటి గైరోలతోనే 2011 నవంబరులో అగ్ని-4 క్షిపణి ఎగిరింది.

జీపీఎస్ సాయం లేకపోతే ఇనర్షియల్ లెక్క గంటకు సుమారు ఒక నాటికల్ మైలు, అంటే రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ, పక్కకు జరగవచ్చు. నేల దగ్గరపడ్డాక దూరం చెప్పే డీఎంఈ రేడియో స్టేషన్లతో సరిచూసుకుంటారు. అంతకంటే పెద్ద ముప్పు, అసలు జీపీఎస్‌లా నమ్మించే దొంగ సంకేతం. 2023 సెప్టెంబరులో ఇరాక్ మీదుగా వెళ్లిన కొన్ని విమానాల్లో అది ఇనర్షియల్ లెక్కనూ పాడుచేసింది. జీపీఎస్‌తో దిద్దుకునే ఏర్పాటే అక్కడ దారి ఇచ్చింది. ఆ ఏడాది నవంబరులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా దీనిపై విమానయాన సంస్థలకు సూచనలు జారీ చేసింది. అందుకే జీపీఎస్ కలవని ఇనర్షియల్ లెక్క ఒకటి ఎప్పుడూ విడిగా ఉండాలంటాను. గంటకు రెండు కిలోమీటర్ల పొరపాటును పైలట్ ముందే అంచనా వేసుకోగలడు. దొంగ సంకేతం ఎటు ఎంత లాగుతుందో ఎవరూ అంచనా వేయలేరు.